తుడిచి చూడు

కారు తెర మీద ముందు ఒక పసుపు గుర్తు వెలిగింది. అదేమిటో చూసేలోగా దాని పక్కన ఇంకోటి. ఆ తర్వాత గంప బోర్లించినట్టు వరసగా వచ్చి పడ్డాయి. బ్రేకుల్లో లోపం. స్టీరింగులో లోపం. ముందు సెన్సర్ పనిచేయడం లేదు. సురక్షితమైన చోట వెంటనే బండి ఆపండి. ఒక్కోదానికీ టింగుమని ఒక చప్పుడు. నేను డ్రైవరు పక్క సీట్లో ఉన్నాను. రోడ్డుకి రెండు వైపులా ఖాళీ నేల, దూరంగా గోదాముల రేకులు, వాటి మీద ఎండ.

"పొద్దున్నే పాట అందుకుంది," అన్నాడు డ్రైవరు. నడివయసు దాటిన మనిషి, పొట్ట స్టీరింగుకి తగులుతోంది. "మీరేం కంగారు పడకండి పెద్దాయనా. దీనికి అలిగే గుణం ఉంది. ఆపేసి, తాళం వేసి, కాసేపు దాని మొహం చూడకుండా ఉంటే అదే దారికొస్తుంది."

బండిని రోడ్డు వారకి తీసి, ఆపే మీట మీదికి వేలు పోనిచ్చాడు.

"ఆపకు," అంది వెనక సీట్లోంచి ఒక గొంతు.

బయల్దేరినప్పటి నుంచీ ఆ మనిషి నోరు విప్పలేదు. ఇస్త్రీ మడతలు చెడకుండా ఒద్దికగా కూర్చుని కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు. చొక్కా తెల్లగా ఉంది. గోళ్ళ అంచుల్లో మాత్రం ఏ సబ్బుకీ లొంగని నలుపు.

"ఆపకు. ముందు ఆ తెర ఫోటో తీసుకో. అన్నీ కనిపించేలా తీయ్. ఆపావంటే మళ్ళీ లేవదు."

చేతికి అలవాటైన పని చెవికంటే ముందు నడుస్తుంది. డ్రైవరు వేలు అప్పటికే మీట నొక్కేసింది. తెర నల్లబడింది. మళ్ళీ నొక్కాడు. ఇంకోసారి గట్టిగా నొక్కాడు, గట్టిగా నొక్కితే వింటుందేమో అన్నట్టు. బండి ఉలకలేదు, పలకలేదు.

"చిన్న బ్యాటరీ," అన్నాడు వెనకాయన. "అడుగున పెద్ద బ్యాటరీ నిండుగానే ఉంది. కానీ బండిని నిద్ర లేపేది ముందున్న ఈ చిన్నదే. అది నీరసపడితే సెన్సర్లన్నిటికీ మతి పోతుంది. ఒక్కోటి ఒక్కో రోగం చెబుతుంది. రోగం మాత్రం ఒకటే."

"ముందే చెప్పొచ్చుగా అన్నా."

"చెప్పాగా."

"నా వేలు నొక్కాక చెప్పావు."

"నొక్కకముందే చెప్పాను. నీ వేలు వినలేదు."

డ్రైవరు నవ్వాడు గానీ ఆయన నవ్వలేదు. ఇంకో కారు ఎంతసేపట్లో వస్తుందని మాత్రం అడిగాడు. మధ్యాహ్నం తనకి పట్నంలో విచారణ ఉందట. డ్రైవరు ఫోన్లో ఎవరినో బతిమాలి, కాసేపటికి తిట్టి, మళ్ళీ బతిమాలి, వస్తోందని చెప్పాడు. ముగ్గురం ఎదురుగా మూసేసి ఉన్న టైర్ల కొట్టు చూరు కిందికి చేరాం.

నేను రకరకాల బండ్లెక్కాను. పాతకాలపు బస్సుకి జబ్బు చేస్తే మూలిగేది, దగ్గేది, పొగ కక్కేది, ఆఖరికి ఎక్కుడు దారిలో చతికిలబడేది. దాని బాధ అందరికీ వినబడేది. ప్రయాణికుల్లో ప్రతివాడూ దిగి తలా ఒక వైద్యం చెప్పేవాడు. ఎక్కడో చదివాను, చెక్క ఓడల కాలంలో ఒక ఓడ రోజుల తరబడి దారి తప్పి తిరిగిందట. తీరా చూస్తే దిక్సూచి పక్క అరలో ఎవడో ఇనుప కత్తి పెట్టి మరిచిపోయాడు. దిక్సూచి అబద్ధమాడలేదు, తనకి తగిలిందే చెప్పింది. ఈ కొత్త బండ్లూ ఆ బాపతే. వీటికి నొప్పి తెలియదు, నొప్పి గురించిన వార్త మాత్రం వస్తుంది. ఆ వార్త మాసిన సెన్సరుదా, వానదా, నిజంగా చావు ముంచుకొస్తోందా అన్నది నడిపేవాడు ఒక్క చూపులో తేల్చుకోవాలి.

ఇదంతా పైకే అన్నట్టున్నాను. ఆయన నా వైపు తిరిగాడు.

"తేల్చుకునేది నడిపేవాడు కాదు పెద్దాయనా. తర్వాత మేము తేలుస్తాం. అది ఇంకా ఘోరం."

"ఫోటో ఎందుకు తీయమన్నారు?"

"సాక్ష్యానికి. బండి ఆపితే తెర మీదివి కొన్ని పోతాయి. లోపల మిగిలినవి మెకానిక్కులు తుడిచేస్తారు." కాస్త ఆగి అన్నాడు: "మెకానిక్కులంటే నేనే."

ఆ తర్వాత తెరిపి ఇవ్వకుండా చెప్పాడు. ముక్కూ మొహం తెలియని వాళ్ళకైతే చెప్పడం తేలిక. డ్రైవరు బండి దగ్గరికి పోతూ వస్తూ సగం విన్నాడు. నేను మొత్తం విన్నాను.

తల్లీ తండ్రీ పోయాక ఆయన్ని పెంచింది అక్క. ఆమె పెళ్ళి చేసుకుని వెళ్తూ తమ్ముణ్ణి కూడా వెంట తీసుకుపోయింది. బావ అద్దె కార్లు నడిపేవాడు. "నేను పెళ్ళాన్నొక్కదాన్నే అడిగితే మీవాళ్ళు జత కట్టి ఇచ్చారు" అని వచ్చిన చుట్టానికల్లా చెప్పి నవ్వేవాడట. కానీ అన్నం దగ్గర మాత్రం ఆ బావమరిది కంచం ముందు పెట్టించేవాడు. తనకి తెలిసిన డీజిలు షెడ్డులో పనికి కుదిర్చింది కూడా ఆయనే. అక్కడ మనవాడు పొడుగు స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకి ఆనించి, రెండో కొస చెవికి ఆనించి రోగం పట్టడం నేర్చుకున్నాడు. ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక ఆ స్క్రూడ్రైవరుకి వినిపించేందుకు ఏమీ లేకపోయింది. చేతికి స్కానరు వచ్చింది. పలకంత తెర, ఒక తీగ. తీగని బండికి తగిలిస్తే బండి తన జ్ఞాపకంలో దాచుకున్న లోపాలన్నీ వరసగా చూపిస్తుంది.

వర్క్‌షాపులో పొద్దున తలుపు తీసేసరికి బండ్లు బారులు తీరి ఉంటాయి. అన్నిటిదీ ఒకటే గోల, ఏదో మెసేజ్ వచ్చింది. అక్కడి మేస్త్రీకి ఒక పద్ధతి ఉంది: తుడిచి చూడు. ముందు జ్ఞాపకంలో ఉన్నదంతా చెరిపెయ్యాలి. బండిని ఆవరణలో ఒక చుట్టు తిప్పాలి. మళ్ళీ వచ్చిన మెసేజే అసలు జబ్బు. రానిదల్లా కడిగినప్పుడు పడిన నీళ్ళు, చిన్న బ్యాటరీ నీరసం, సెన్సరు మీద బురద, ఎప్పుడో చచ్చిపోయిన ఫిర్యాదు.

"అది తప్పు పద్ధతి కాదు," అన్నాడు ఆయన, నేను అడగకుండానే. "సగం బండ్లకి మళ్ళీ రావు. యజమాని సంతోషంగా పోతాడు. అందరికంటే నేను వేగంగా తుడిచేవాణ్ణి. అందుకే డస్టరన్నారు. బడిలో నల్లబల్ల తుడిచేది ఉంటుంది చూడండి, అది. ఇప్పుడు మా అక్క కూడా అలాగే పిలుస్తుంది."

వాన పడిన ఒక ఉదయం, బావ పనిచేసే అద్దె కార్ల కంపెనీ బండి ఒకటి లాగుడు లారీ మీద వచ్చింది. ఆ కంపెనీవి అన్నీ తెల్లవే, అన్నీ ఒక మూసవే. ముందుభాగం చెక్కుచెదరలేదు. డస్టరు తలుపు తీసి తీగ తగిలించాడు. తెర మీద రెండు వరసలు కనిపించాయి. ముందు రాడార్ చెప్పేది నమ్మదగ్గట్టు లేదని ఒకటి. ఎదురుగా అడ్డం ఉందనుకుని బండి దానంతటదే బ్రేకు వేసిందని రెండోది. చదివాడు. చదువుతుండగానే బొటనవేలు తన పని తాను చేసేసింది. తెర ఖాళీ అయింది.

అప్పుడు బండి వెనక్కి వెళ్ళాడు. వెనక భాగం లోపలికి చొట్టబోయి ఉంది. చీలిన బంపరు సందులో హెల్మెట్ అద్దం ముక్క ఇరుక్కుని ఉంది. దాన్ని చూస్తూ నిలబడి ఉండగానే అక్క ఫోను.

"మీ బావకేం కాలేదురా," అంది ఆమె. "వెనకాల బైకు మీద వచ్చినతను పోయాడు."

బావ పోలీసులకి చెప్పిందీ, ఇంట్లో చెప్పిందీ ఒకటే. నేను బ్రేకు తొక్కలేదు. ముందు ఏమీ లేదు. తెర మీద ఎర్రగా ఏదో వచ్చింది, బండి ముక్కు నేలకేసి ఆగిపోయింది, ఆ మెసేజ్ మాయమైంది. కంపెనీ వాళ్ళు వచ్చి తమ స్కానరు తగిలించి చూశారు. జ్ఞాపకం ఖాళీ. ఆ రోడ్డు మీద సిగ్నల్ సరిగ్గా అందదు, తమ దగ్గరికీ ఏ సమాచారం రాలేదన్నారు. అంటే డ్రైవరు నిద్రలోనో, ఫోను చూస్తూనో ఉన్నట్టుండి బ్రేకు తొక్కి ఒక మనిషిని చంపాడని తేలింది.

"రోజూ తిరిగే బండి జ్ఞాపకం అంత ఖాళీగా ఉండదు," అన్నాడు డస్టరు. "ఏదో ఒక చెత్త ఉంటుంది. అంత శుభ్రంగా ఉందేమని ఎవరైనా అడుగుతారని చూశాను. అడిగితే చెబుదామనుకున్నా. ఎవరూ అడగలేదు."

ఉద్యోగం పోతుందని మొదట్లో నోరు మెదపలేదు. తర్వాత ఆలస్యమైందని మెదపలేదు. చివరికి ఉండబట్టలేక లాయరు దగ్గరికి ఒక్కడే వెళ్ళి చెప్పాడు. లాయరు కుర్చీలోంచి లేచి తలుపు వేసి వచ్చాడు.

"బావమరిదివి నువ్వు తుడిచేశావంటే బావని కాపాడటానికే తుడిచావంటారు. ఉన్నది మీ బావకి పనికొచ్చేదే అంటే ఎవడు నమ్ముతాడయ్యా? ఖాళీగా ఉందని చెప్పి ఊరుకో. నడుపుతుంటే కళ్ళు తిరిగాయని ఆయనతో చెప్పిద్దాం. జైలు తప్పొచ్చు."

బావ ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమే డస్టరుని కోసేసింది. బావ ఒకసారి చూసింది రెండోసారి చూడని మనిషి. గ్యాసు కట్టేశానా అని వెనక్కి తిరగని మనిషి. అలాంటివాడు నెలల తరబడి తను ఏం చూశాడో తన్ను తానే ప్రశ్నించుకుంటూ అరిగిపోయాడు. ఇప్పుడు రోడ్డు దాటబోతూ ఆగి, "ఆ దీపం ఎర్రగానే ఉంది కదూ?" అని పెళ్ళాన్ని అడుగుతున్నాడట.

"ఆదివారం వాళ్ళింట్లోనే నా భోజనం. పక్కన కూర్చోబెట్టుకుని అడిగేవాడు. 'ఏరా, ఈ బండ్లు నీకు తెలుసు కదా. మెసేజ్ వచ్చి, ఆనవాలు లేకుండా పోతుందా?' అని. 'ఒక్కోసారి పోతుంది బావా' అనేవాణ్ణి. ఆ ఒక్కోసారి అన్న మాట పట్టుకుని ఒక వారం లాగేవాడు. మళ్ళీ ఆదివారం అడిగేవాడు."

డ్రైవరు మా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "అన్నా, మధ్యలో మాట్లాడుతున్నాననుకోకు. లాయరు చెప్పిందే కరెక్టు. నువ్వు నోరు విప్పావంటే మీ బావ ఇంకా ఇరుక్కుంటాడు."

"నేనూ అదే అనుకుంటున్నా."

"మరి?"

డస్టరు చచ్చిపడి ఉన్న కారు వైపు చూశాడు. "ఆయనకి కళ్ళు తిరగలేదు," అన్నాడు.

ఇంకో కారు వచ్చింది. అందులో పట్నం చేరాం. విచారణ ఆఫీసు ముందు ఆయన దిగితే నేనూ దిగాను. ఆ ఊళ్ళో నాకు పనేమీ లేదు, ముందుకి పోయి చేసేదీ లేదు.

పై అంతస్తులో పొడుగాటి వరండా, గోడ వారన బెంచీలు, చివర నీళ్ళ డబ్బా. అక్క కనిపించగానే పోల్చుకున్నాను, ఇద్దరిదీ ఒకే నుదురు. ఆమె తన భర్త కాలరు సరిచేస్తోంది. ఆయన పొడగరి, కానీ బెంచీ మీద కూలబడినట్టు కూర్చున్నాడు, చిన్న పిల్లాడిలా మెడ ఇచ్చి.

"ఏరా డస్టరూ, తిన్నావా?" అన్నాడు బావ.

"తిన్నా బావా." తినలేదు. నాకు తెలుసు.

"ఇంత ఆలస్యమా," అంది అక్క. "ఫోనెత్తితే నీ సొమ్మేం పోయింది? లాయరుగారు నీకోసం కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు."

"దారిలో బండి పాడైంది."

"నువ్వెక్కిన బండి కూడానా," అంది ఆమె. బావ కొంచెం నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమె మొహం తేటపడింది.

గదిలోకి పిలిచారు. ఉక్కగా ఉందని తలుపు తీసే ఉంచారు. వరండాలో నా బెంచీకి లోపలి మాటలన్నీ వినబడుతున్నాయి, సగం గది కనబడుతోంది. బల్ల వెనక ఆఫీసరు, సన్నగా, జలుబు చేసినట్టున్నాడు. ఒక పక్క కంపెనీ మనిషి. ముందు వరసలో ఒక ముసలాయన ఒంటరిగా కూర్చున్నాడు. చనిపోయిన అబ్బాయి తండ్రి అని బంట్రోతు చెప్పాడు.

ముందు బావని అడిగారు.

"నడుపుతుండగా కళ్ళు తిరిగాయి. అనుకుంటాను."

"అనుకోవడమేమిటి? తిరిగాయా, లేదా?"

"తిరిగే ఉంటాయండి."

ముందు వరసలోని ముసలాయన తల దించుకున్నాడు. తర్వాత డస్టరు లేచాడు. బండి ఎప్పుడొచ్చింది, ఎవరు తెచ్చారు, అన్నీ సరిగ్గానే చెప్పాడు.

"స్కానరు పెట్టినప్పుడు ఏం కనిపించింది?"

డస్టరు బావ వైపు చూశాడు. బావ అతన్ని చూడటం లేదు, తన మోకాళ్ళ మీద పెట్టుకున్న చేతుల్ని చూసుకుంటున్నాడు.

"రెండు లోపాలు కనిపించాయి," అన్నాడు డస్టరు.

లాయరు దగ్గాడు. డస్టరు ఆగలేదు. రాడార్ సంగతి చెప్పాడు, బండి దానంతటదే బ్రేకు వేసిన సంగతి చెప్పాడు, చూసి తుడిచేశానన్నాడు.

"ఎందుకు తుడిచారు?"

"ముందు తుడుస్తాం. మళ్ళీ వస్తే చూస్తాం. అది మా పద్ధతండి."

"మళ్ళీ వచ్చిందా?"

"రాలేదు."

"డ్రైవరుకి మీరేమవుతారు?"

"బావమరిదిని."

ఆఫీసరు కలం కింద పెట్టి ముక్కు తుడుచుకున్నాడు. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

డస్టరు దగ్గర ఆ ప్రశ్నకి జవాబు ఉంది. నాకు చెప్పిందే. అక్కడ మాత్రం చెప్పలేదు.

"సార్, ఇది రాయించండి," అన్నాడు కంపెనీ మనిషి మెల్లగా. "సాక్ష్యం తనే చెరిపేశానని ఒప్పుకుంటున్నాడు. డ్రైవరు బంధువు."

ముందు వరసలోని ముసలాయన లేచి నిలబడ్డాడు. "అయ్యా, నాకర్థం కావడం లేదు," అన్నాడు. "కళ్ళు తిరిగాయని ఒకరంటున్నారు, బండి ఆగిందని ఒకరంటున్నారు. మావాడు ఎవరి వల్ల పోయినట్టు?"

బంట్రోతు వెళ్ళి ఆయన్ని మెల్లగా కూర్చోబెట్టాడు. ఆఫీసరు డస్టరు చెప్పిందంతా రాయించి సంతకం పెట్టించుకున్నాడు. డస్టరు మీద వేరే కేసు పెట్టమని పోలీసులకి రాస్తానన్నాడు. బావ సంగతి ఇక తన చేతిలో లేదు, కోర్టుకే పోతుందన్నాడు. అంటే లాయరు ఆపుదామనుకున్నదే జరిగింది.

బయటికొస్తూ లాయరు ఒకే మాటన్నాడు, "ఇద్దరూ కలిసి మునిగారు," అని. ఫోను చెవికి పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

బావ వరండాలోకి వచ్చి గోడకి ఆనుకున్నాడు. నిటారుగా నిలబడితే ఆయన ఎంత పొడుగో అప్పుడు తెలిసింది.

"వచ్చింది కదూ?" అన్నాడు.

"వచ్చింది బావా."

"ఎర్రగా?"

"తెర మీద ఎలా వచ్చిందో నేను చూడలేదు. లోపల మాత్రం ఉంది. నువ్వు బ్రేకు తొక్కలేదు."

బావ భార్య వైపు తిరిగాడు. "విన్నావా? నాకు కళ్ళు తిరగలేదు. నేను చూశాను." ఆమె తల ఊపింది. ఆయన ఇంకోసారి అన్నాడు, "నేను చూశాను," అని. చాలాకాలంగా మోస్తున్నదేదో దించినట్టు ఊపిరి వదిలి బెంచీ మీద కూర్చున్నాడు. కాసేపు ఆ మొహం బాగుంది. అంతలోనే ఆయన కళ్ళు నెమ్మదిగా బావమరిది మీదికి తిరిగాయి.

"ఆదివారాలన్నీ నా పక్కనే కూర్చుని తిన్నావు," అన్నాడు.

డస్టరు ఆయన ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నేను అడుగుతుంటే, ఒక్కోసారి పోతుంది బావా అన్నావు. పిచ్చెక్కుతోందేమో, డాక్టరుకి చూపించుకుంటానంటే నాతో పాటు ఆసుపత్రికి కూడా వచ్చావు. బయట కూర్చున్నావు."

"బావా..."

"ఈయన నిద్రలోంచి లేపి నన్ను అడిగేవాడురా," అంది అక్క. గొంతు పెంచలేదు. "లైటు వెలుగుతోందా, ఆరిందా అని. నేను చెబితే నమ్మేవాడు కాదు, లేచి చేత్తో తడిమి చూసేవాడు. ఇదంతా నీకు చెప్పుకుని ఏడ్చాను. అప్పుడు కూడా నీకు తెలుసు."

"తెలుసక్కా."

"జైలుకి పోతే పోతాడు. అది నీ వల్ల అననులే. చేతి అలవాటు, చేశావు. కానీ మనిషి నీ కళ్ళముందు అలా అయిపోతుంటే చూస్తూ ముద్ద ఎలా మింగావురా?" కొంగుతో మొహం తుడుచుకుని, భర్త పక్కన కూర్చుని, ఆయన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. "ఇక మా గడప తొక్కకు."

డస్టరు బావ వైపు చూశాడు. ఆ ఇంట్లో తన కంచం ముందు పెట్టించిన మనిషి ఒక్క మాటైనా అడ్డం వేస్తాడనుకున్నాడేమో. బావ కిటికీ బయట ఎదురు మేడ మీద ఆరేసిన దుప్పట్లు చూస్తున్నాడు. అవి ఉన్నాయా లేవా అన్న సందేహం ఆయన చూపులో లేదు.

గదిలో ఇంకెవరి పేరో పిలిచారు. డస్టరు నేను కూర్చున్న బెంచీ వైపుగా నడిచొచ్చాడు. నేను లేచాను. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు కదా, కింద ఏదో హోటలు చూశాను, రమ్మందామనుకున్నాను. ఆయన నన్ను దాటుకుని మెట్లు దిగాడు. వరండా గోడ మీంచి వంగి చూశాను. ఆవరణలో ఎండలో నిలిపి ఉన్న కార్ల మధ్య నుంచి పక్కకి చూడకుండా నడిచి, గేటు దాటి, బస్సులు ఆగే వైపు కాకుండా రెండో వైపు తిరిగి వెళ్ళిపోయాడు.